జూన్ ఒకటిన పుట్టనివాళ్లు

అమెరికా గ్రీన్‌కార్డు వరసలో మనిషి చోటు అతను పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. అలాంటి ఒక పుట్టుకను కళ్లారా చూసిన పిన్ని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకా ఉంది. ఆమె జ్ఞాపకం మాత్రం ఫైలుకు పనికిరాలేదు.

ఎడిటర్ గారు అడిగింది డాలర్ల కథ. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుం ప్రకటించింది కదా, శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి అక్కడ గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల ఇళ్లలో గుబులు ఎలా ఉందో రాయమన్నారు. గురువారం రాత్రికి పేజీలు ప్రెస్సుకు పోవాలి. కవరు మీదికి నోట్ల కట్టల బొమ్మ కూడా సిద్ధం చేయించారు. నేను కాశీబుగ్గ, పలాస, మందస, టెక్కలి తిరిగాను. లక్ష డాలర్ల మాట ఎత్తితే అందరూ టీవీలో విన్నదే తిరిగి చెప్పారు. ఆ రుసుం అప్పటికే అమెరికాలో ఉండి వీసా పొడిగించుకునేవాళ్లకు వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ అక్టోబరులోనే తేల్చేసింది. మాట కాగితాల మీదికి మళ్లాక మాత్రం ఇళ్లలో బీరువాలు తెరుచుకున్నాయి, ప్లాస్టిక్ కవర్లు బయటికొచ్చాయి. అందులో ఒక కవరు చూశాక నోట్ల కట్టల మీద ఆసక్తి పోయింది. ఎడిటర్ గారు కోప్పడినా సరే, ఈ వారం కథ ఆ కవరుదే.

కవరు యజమాని టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంతూరు పలాస మండలంలో. పేరు అనవసరం, ఎందుకంటే ఇలాంటి కవరు ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఉంది. లోపల పదో తరగతి మెమో, పాస్‌పోర్టు జెరాక్స్, 'మా రిజిస్టర్లో ఈ పేరు మీద జననం నమోదై లేదు' అని చెప్పే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, నోటరీ ముద్ర పడిన రెండు అఫిడవిట్లు. అన్నింట్లోనూ పుట్టిన తేదీ ఒకటే: 1982 జూన్ 1.

ఆ తేదీన ఆయన పుట్టలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆయన పిన్ని. మందస దగ్గర పల్లెలో ఉంటుంది. అక్క తొలికాన్పుకు పుట్టింటికి వస్తే, పదిహేనేళ్ల పిల్లగా పక్కన కూర్చుని మంత్రసాని అడిగినవి అందించింది తనే. జూన్ అనగానే నవ్వింది. "ఎండలు కాదు బాబూ, మంచు. నెగడేసుకుని కూకున్నాం. రామారావు గెలిచినాడని రేడియోలో సెప్తన్నారు, మా నాయిన ఇనడానికి ఎల్లిపోనాడు. సంకురాత్రికి ఇంకా నాలుగు రోజులో, ఐదు రోజులో." ఎన్టీ రామారావు మొదటిసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1983 జనవరి 9న. అంటే మన టెక్సస్ ఇంజనీరు కాగితాల్లో ఉన్నదానికంటే ఏడు నెలలు చిన్న. (ఆ రామారావే 1994లో హిందూపురంతో పాటు టెక్కలి నుంచీ గెలిచి, హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలేశారు. ఈ జిల్లాలో తేదీలు చెప్పేవాళ్లకు ఆయన అలా రెండుసార్లు పనికొచ్చారు.)

జూన్ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తరం తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. బడి తెరిచే రోజుకు పిల్లాడికి ఐదేళ్లు నిండాలి. నిండలేదు. హెడ్మాస్టరు వేళ్ల మీద లెక్కపెట్టి నిండేలా ఒక తేదీ వేశారు. అదే పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి, వీసాలోకి, కంపెనీ వేసిన పిటిషన్లోకి నడిచింది. ముప్పై ఏళ్లలో ఎవరికీ ఇబ్బంది కాలేదు.

2020 అక్టోబరులో ఇబ్బంది వచ్చింది. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్లో ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు కోటాలో భారతీయులు దరఖాస్తు పెట్టుకోగల తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి జరిగింది. ఈయన ప్రయారిటీ డేట్, అంటే వరసలో చేరిన తేదీ, 2014. అప్పటిదాకా ఈబీ-2 వరసలో కూర్చున్నవాళ్లు ఎందరో ఈబీ-3కి 'డౌన్‌గ్రేడ్' అయి మరీ దరఖాస్తు వేశారు. మళ్లీ ఎప్పుడు వెనక్కి పోతుందో తెలియని తేదీ అది. ఐ-485 అనే చివరి ఫారానికి బర్త్ సర్టిఫికెట్ జత చేయాలి. కరోనా రోజులు, ఆయన రాలేడు. ఫోన్ మోగింది పలాసలో. "నాన్నా, నేను ఎక్కడ పుట్టానో కాగితం కావాలి."

తండ్రి తన ఊళ్లో వెతికించారు. 1982 జూన్ రిజిస్టర్లో పేరు లేదు. లేదనే కాగితం చేతికొచ్చింది. ఆ కాగితంలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. వెతికిన ఊరు అతను పుట్టిన ఊరు కాదు, వెతికిన నెల అతను పుట్టిన నెల కాదు. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం, పుట్టుక నమోదు చేయాల్సింది జరిగిన చోట. కాబట్టి ఆ పిల్లాడు ఎక్కడైనా ఉంటే మందస వైపు, అమ్మమ్మగారి ఊరి పుస్తకంలో, 1983 జనవరి పేజీలో ఉండాలి. ఉన్నా పేరుతో ఉండకపోవచ్చు. బారసాలకు ముందే నమోదు చేస్తే అక్కడ తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి, బిడ్డ పేరు గడి ఖాళీ. పేరు లేకుండా నమోదు చేసి తర్వాత చేర్పించుకోవచ్చని 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టమే చెప్పింది. ఆ చేర్పించుకునే పని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆ పుస్తకం ఉందా అన్నది వేరే ప్రశ్న. అప్పట్లో పల్లెల్లో పుట్టుకలూ చావులూ రాసింది మునసబు. 1984 జనవరిలో రామారావు ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థనే ఎత్తేసింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తర్వాత పంచాయతీ కార్యదర్శులు వచ్చారు. 2022లో టెక్కలి నుంచి విడదీసి పలాసను రెవెన్యూ డివిజన్ చేశారు. ఇన్ని చేతులు మారిన పుస్తకాల్లో ఏది ఏ బీరువాలో మిగిలిందన్నది ఊరినిబట్టి, అదృష్టాన్నిబట్టి. ఇవాళ గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్లలో పెద్ద భాగం సరిగ్గా ఈ మార్పులకు అటూ ఇటూ పుట్టినవాళ్లు. మరీ పాతవాళ్లకే కొంత నయం. 1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టిన భారతీయుల దగ్గర జనన పత్రం ఉండకపోవచ్చని అమెరికా విదేశాంగ శాఖే ఒప్పుకుని బడి సర్టిఫికెట్ ఇవ్వనిస్తుంది. ఆ తర్వాత పుట్టినవాళ్లు 'లేదు' అన్న మాటను కూడా ప్రభుత్వ ముద్రతో తెచ్చుకోవాలి.

ఉద్దానం అంచుల్లో ఇంకో మెలిక ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. సంబంధాలు అటూ ఇటూ కలుపుకుంటారు. అమ్మమ్మగారిల్లు పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఉన్నవాళ్ల పుట్టుక ఒడియా రిజిస్టర్లో దొరుకుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి, చేసినవాళ్ల ధ్రువీకరణ జత చేయాలి. 1936లో గీసిన రాష్ట్ర సరిహద్దు టెక్సస్ ఫైలుకు ఒక పేజీ కలిపింది.

ఇద్దరు సాక్షులు

జనన పత్రం లేకపోతే బడి రికార్డులాంటి రెండో రకం ఆధారం, దానికి తోడు అఫిడవిట్లు. అమెరికా నిబంధన ప్రకారం కనీసం ఇద్దరు రాయాలి. వాళ్లకు ఆ పుట్టుక గురించి స్వయంగా తెలిసి ఉండాలి, ఎలా తెలిసిందో చెప్పాలి. ఈ నిబంధన మొదటిసారి చదివినప్పుడు ముచ్చటేసింది. డిగ్రీని అనుమానించి, జీతం స్లిప్పును అనుమానించి, ఉద్యోగాన్ని అనుమానించే ఆ వ్యవస్థ ఒక్క చోట మాత్రం చదువురాని ఆడమనిషి ముందు ఆగుతుంది. "నువ్వు అక్కడ ఉన్నావా? ఏం చూశావు?" అని అడుగుతుంది. పురిటింటి కబుర్లు ప్రభుత్వానికి కావాల్సిరావడం మామూలు విషయం కాదు.

తర్వాత అఫిడవిట్లు చదివాను. ముచ్చట కాస్తా తగ్గింది. కవరులోవే కాదు, చూపించినవాళ్లందరివీ ఒకే అచ్చు. నేను ఫలానా, నా వయసు ఇంత, ఫలానావారు నాకు మేనల్లుడు, ఫలానా తేదీన ఫలానా ఊళ్లో పుట్టినట్టు నాకు వ్యక్తిగతంగా తెలుసు. కంప్యూటర్ సెంటర్లో పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి ప్రింటు తీస్తారు. మంత్రసాని లేదు, నెగడు లేదు, రేడియో లేదు. 'ఎలా తెలుసు' అన్న చోట 'నేను హాజరుగా ఉన్నాను' అని ఒక్క వాక్యం. సంతకం పెట్టేవాళ్లకు అది ఇంగ్లీషులో ఏం చెబుతోందో చదివి వినిపించేవాళ్లు తక్కువ.

కవరులోని ఇద్దరు సాక్షుల్లో పిన్ని లేదు. మొదట ఆమెనే అనుకున్నారట. నోటరీ దగ్గరికి తీసుకెళ్లారు, స్టాంపు పేపరూ కొన్నారు. కాగితం మీద జూన్ అని ఉందని ఎవరో చదివారు. ఆమె కుదరదంది. ఎండాకాలంలో పుట్టాడని ఎలా రాస్తాను, చలికి బిడ్డను గుడ్డల్లో చుట్టింది నేనే కదా అంది. నచ్చజెప్పారు, బతిమాలారు. ఆమెకు కోపం రాలేదు, పంతమూ లేదు, అర్థం కాలేదంతే. చివరికి ఆ పూటకు ఇంటికి పంపేసి, జూన్‌తో పేచీ లేని ఇద్దరిని తెచ్చారు. ఒకరు పెదనాన్న, ఒకరు దూరపు మేనమామ. ఇద్దరూ ఆ రాత్రి మందసలో లేరు.

చూసిన ఒక్క మనిషిని పక్కనపెట్టి చూడని ఇద్దరితో చూశామని రాయించిన ఈ కథలో తప్పు ఎవరిదో తేల్చడానికి నేను జడ్జిని కాను. తండ్రిది భయం. తేదీల్లో తేడా వస్తే ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది, అంటే ఇంకా ఆధారాలు పంపమని నోటీసు. జవాబు సరిపోకపోతే దరఖాస్తు పోతుంది. లాయర్లు మొదటి రోజు నుంచీ చెప్పేది ఒకటే: అన్ని కాగితాల్లో ఒకే తేదీ, ఒకే స్పెల్లింగు. నిజం ఏదన్న ప్రశ్న వాళ్ల పట్టికలో లేదు. ఉండాలని నేను అనుకుంటాను. తేదీ ఎందుకు తేడాగా ఉందో విడమరిచి రాసిన అఫిడవిట్ ఒకటి పెట్టి ఉంటే, బడి తేదీకీ పుట్టిన తేదీకీ ఉన్న దూరం భారతీయుల ఫైళ్లు చూసే అధికారికి కొత్త కాదు. అయినా ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డవాడి చేత ఆ సాహసం చేయించే ధైర్యం నాకూ లేదు.

పెదనాన్న అఫిడవిట్ చివర సంతకం ఉంది. మేనమామది వేలిముద్ర, గీతలు కనబడని నల్లటి మచ్చ. ఆయన కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్లు పనిచేశారు. జీడి పిక్కల తొక్కలోని నూనె చర్మాన్ని తినేస్తుంది. పిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు ముందు నల్లబడి, తర్వాత నున్నబడతాయి. అదే ఫైలు కోసం టెక్సస్‌లో మేనల్లుడి పది వేళ్లూ యంత్రం మీద పెట్టించి గీత గీతా తీసుకున్నారు.

ఆ మేనమామ ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నారు. ఉద్దానంలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తాకిందో అందరికీ తెలుసు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. గ్రీన్‌కార్డు కథలోకి ఇది ఎందుకంటే, సాక్షి అంటే మనకంటే పెద్దవాడై, మన పుట్టుక చూసినవాడై, ఇంకా బతికుండాలి. ఈ తీరంలో అలాంటి ఇద్దరు దొరకడం మిగతా చోట్ల కంటే కష్టం. అందుకే ఇప్పుడు కొందరు తేదీ రాకముందే, కంపెనీ గ్రీన్‌కార్డు మొదలుపెట్టగానే అమ్మమ్మల చేత రాయించి దాచుకుంటున్నారు.

వరస ఎందుకు కదలదు

ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు 1990 నాటి చట్టం ప్రకారం ఏడాదికి సుమారు లక్షా 40 వేలు. భార్యాపిల్లలు కూడా అందులోనే లెక్క. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతం మించకూడదు. ఈబీ-2, ఈబీ-3 వర్గాలకు చెరో 40 వేలు వస్తాయి. అందులో ఏడు శాతం అంటే ఒక్కో వర్గంలో భారత్‌కు సుమారు 2,800. ఇతరులు వాడుకోకుండా మిగిలినవి ఉంటే అవి అదనం. అటు హెచ్-1బీ ఆమోదాల్లో డెబ్భై శాతం పైగా భారతీయులవే. తూముకు మించి నీళ్లు వదిలితే చెరువు ఏమవుతుందో అదే అయింది. 2023లో కేటో ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్కలో ఉద్యోగ వర్గాల్లో పేరుకుపోయినవి 18 లక్షలు, అందులో 11 లక్షలు భారతీయులవి. కొత్తగా చేరే భారతీయుడికి 134 ఏళ్లు పడుతుందని అదే లెక్క. 2025 ఆగస్టు బులెటిన్లో ఈబీ-2 భారతీయుల తేదీ 2013 జనవరి 1 దగ్గర ఉంది.

ఇక్కడ చూడాల్సింది, కోటా పుట్టిన దేశానికి. పౌరసత్వానికి కాదు. పలాసలో పుట్టి కెనడా పౌరుడైనా భారత్ వరసే. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆ దేశం వరసలోకి మారొచ్చు. తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తున్నప్పుడు మస్కట్‌లో పుట్టిన అమ్మాయిని చేసుకున్న కుర్రాడు, కాలేజీలో వెనక బెంచీవాడైనా, ముందు బెంచీవాడికంటే ఏళ్ల ముందు గ్రీన్‌కార్డు అందుకోగలడు. సంబంధాలు చూసేవాళ్ల దాకా ఈ సంగతి వచ్చిందో లేదో కనుక్కోలేదు. వస్తే మధ్యవర్తుల డైరీలో కొత్త గడి చేరుతుంది.

హెచ్-1బీకి ఆరేళ్ల హద్దు. 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదం ఉన్నవాళ్లు మూడేళ్లకోసారి పొడిగించుకుంటూ ఉండొచ్చు. అలా ఉంటూ ఉంటూ పిల్లలకు 21 ఏళ్లు నిండితే, వాళ్లు తండ్రి దరఖాస్తులోంచి జారిపోతారు. వాళ్లు పెరిగింది అక్కడే, ఉద్దానం వాళ్లకు సెలవుల్లో చూసిన ఊరు.

ఒక్క గుక్కలో చరిత్ర

ఇక్కడివాళ్లకు పరదేశం కొత్త కాదు. కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లారు, అక్కడ 'కోరంగీలు' అనిపించుకున్నారు, 1930 అల్లర్లలో దెబ్బలు తిన్నారు, జపాన్ బాంబులు పడ్డాక వేలమంది అడవుల గుండా నడిచి తిరిగొచ్చారు. 1917లో బారువ దగ్గర ప్రమాదానికి గురైన చిల్కా ఓడ ఆ కాలానిదే. తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే, గల్ఫ్ క్యాంపులు, జిల్లా మత్స్యకారులకు గుజరాత్‌లోని వేరావల్. టెక్కలిలోనూ చుట్టుపక్కలా ఇంజనీరింగ్ కాలేజీలు, ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కంప్యూటర్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస తీరాన్ని దాటి కొబ్బరినీ జీడినీ కూల్చేశాక, తోట మీద ఆశ పెట్టుకున్న ఇళ్లు కూడా కాలేజీ వైపు చూశాయి. రంగూన్ వెళ్లినవాడిని పుట్టిన తేదీ ఎవరూ అడగలేదు.

పూలు పంపిన జూలై

2007 జూలైకి దాదాపు అన్ని ఉద్యోగ వర్గాల తేదీలూ తెరుచుకున్నాయని బులెటిన్ ప్రకటించింది. జనం సెలవులు పెట్టి, పరీక్షలు చేయించుకుని, కాగితాలు పట్టుకుని సిద్ధమయ్యారు. జూలై 2న తలుపు మూసేశారు. తిట్టడానికి బదులు వందల మంది ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టర్‌కు పూలగుత్తులు పంపారు. అంతకుముందు ఏడు వచ్చిన హిందీ సినిమాలోని గాంధీగిరీ అది. ఆయన వాటిని సైనిక ఆసుపత్రికి పంపించారు. జూలై 17న శాఖ దిగివచ్చి ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకుంది. దేశాల కోటా ఎత్తేసే బిల్లు మాత్రం 2019లో దిగువ సభలో 365-65తో గెలిచి, 2020లో సెనేట్‌లో వేరే రూపంలో నెగ్గి, రెండూ కలవక అలాగే పోయింది.

వరసలో మనిషి పోతే

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక దుండగుడు కాల్చి చంపాడు. భార్య దుమాల సునయన వీసా హోదా ఆయన హోదా మీద నిలబడింది. ఆయనతోపాటే అదీ పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆమె తిరిగి వెళ్లడానికి కాన్సస్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకోవాల్సి వచ్చింది. దేశాల కోటా బిల్లును ఆ తర్వాత కొంతకాలం మోసినవాళ్లలో ఆయన ఒకరు.

ఆదివారం పేపరు పాత్ర

గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టు 'పెర్మ్'. ఈ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కంపెనీ చూపించాలి. అందుకు రెండు ఆదివారాలు దినపత్రికలో ప్రకటన వేయాలన్నది నిబంధన. ఉద్యోగాలన్నీ ఆన్‌లైన్లో వెతికే కాలంలోనూ ఆ నిబంధన ఉంది. అమెరికాలో ఆదివారం పత్రికను ఇంకా నమ్ముకున్నది ఇమిగ్రేషన్ లాయర్లని మా ఎడిటర్ గారికి చెప్పాను. కథ ఒప్పుకున్నది అక్కడే అని నా అనుమానం.

కాగితాల కోసం తిరిగేవాళ్లకు

వెతికించేటప్పుడు బడి తేదీ ఒక్కటే ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే నెల, అమ్మ పుట్టింటి ఊరు కూడా రాసివ్వండి, పేరు లేని నమోదు ఉందేమో అడగండి. పల్లె అయితే పంచాయతీ, పట్టణమైతే మున్సిపాలిటీ, మరీ పాత పుస్తకాలైతే తహసీల్దారు కార్యాలయం. ఇప్పుడు ఆలస్య నమోదు చేయించుకోవచ్చు, దానికి విచారణ ఉంటుంది. ఏళ్ల తర్వాత నమోదైన పత్రానికి అమెరికా అధికారులు తక్కువ విలువ ఇస్తారు, కాబట్టి బడి రికార్డు దాచుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోనే మొత్తం పేరు రాయించుకున్నవాళ్లకు అమెరికా కాగితాల్లో అసలు పేరు బదులు 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది, అంటే పేరు తెలియదని. వీసాకు వెళ్లే ముందే సరిచేయించుకోవాలి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ పాస్‌పోర్టుకూ జనన పత్రమే ఆధారమని సవరించిన చట్టం చెబుతోంది. వాళ్ల తేదీ ఇక హెడ్మాస్టరు వేయలేరు.